చెన్నై నుంచి అండమాన్‌కు ఓడలో వెళ్తే ఏం కనబడుతుంది?

మీరు అడిగింది ఇది. అంబత్తూరులో ఉంటున్నారు. ఫిబ్రవరిలో నాన్నగారిని, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని తీసుకుని అండమాన్ వెళ్దామనుకుంటున్నారు. విమానమైతే రెండు గంటల్లో దిగిపోవచ్చు, ఓడలో మూడు రోజులు కూర్చుంటే నీళ్లు తప్ప ఏముంటుందని మీ ఇంట్లో వాదన నడుస్తోంది. నాన్నగారికి చరిత్ర ఇష్టం, అమ్మాయికి పక్షులు, జంతువులు ఇష్టం. ఇద్దరికీ ఏం చూపించాలి?

వెళ్లేటప్పుడు ఓడ ఎక్కండి, వచ్చేటప్పుడు విమానం ఎక్కండి. నేను ఆ దారిలో తిరిగే ఓడల మీద చాలా ఏళ్లు ఉద్యోగం చేసినవాణ్ని. ఇప్పుడు తండయార్‌పేటలో ఉంటున్నాను. ఓడ మీద అభిమానంతో మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. అండమాన్‌లో చూడదగ్గవన్నీ ఒకే కారణం వల్ల పుట్టాయి. ఆ కారణం దూరం. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరికి, నీటి మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఈదుకుంటూ పారిపోలేరు కాబట్టే ఇంగ్లీషువాళ్లు ఖైదీలను అక్కడికి పంపారు. ఈదుకుంటూ రాలేవు కాబట్టే పులులు, చిరుతలు, కోతులు ఆ అడవులకు చేరలేదు. ఎలాగో ఎగిరి చేరిన పక్షులు వేల ఏళ్లు విడిగా ఉండిపోయి, ప్రపంచంలో మరెక్కడా లేని జాతులయ్యాయి. జైలూ, పక్షీ రెండూ ఆ నీళ్ల వల్లే. ఆ నీళ్లను కిటికీలోంచి రెండు గంటలు చూసి వెళ్తే జైలు ఒక పాత కట్టడంలా, పక్షి ఒక ఫొటోలా మిగిలిపోతాయి.

ముందు ఓడ సంగతి. ఇది విలాసాల క్రూయిజు కాదు. దీవుల జనం ఊళ్లకు వెళ్లి రావడానికి ప్రభుత్వం నడిపే ప్రయాణికుల ఓడ. చెన్నై నుంచి నెలకు రెండు మూడు సార్లు బయల్దేరుతుంది. కోల్‌కతా, విశాఖపట్నం నుంచి కూడా ఉన్నాయి. బయల్దేరే తేదీ బాగా ముందుగా ఖాయం కాదు. అందుకే సెలవులు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకునే వీలుండాలి. ప్రయాణం సుమారు 60 గంటలు. గాలి ఎదురైతే, అక్కడి రేవులో ఓడ ఆగే చోటు ఖాళీ లేకపోతే ఇంకా పడుతుంది. నాన్నగారు ఉన్నారు కాబట్టి బంక్ క్లాసు, అంటే ఒకే హాల్లో అందరికీ వరస పడకలు, వద్దు, క్యాబిన్ తీసుకోండి. భోజనం ఓడలోనే దొరుకుతుంది, రుచి మాత్రం ఆశించకండి. ఊరగాయ, పొడులు, అటుకులు, పండ్లు తీసుకెళ్తే మూడు పూటల తర్వాత మీకే తెలుస్తుంది. ఓడలో డాక్టరు ఉంటారు. కడుపులో తిప్పకుండా ఉండే మాత్ర మీ డాక్టరును అడిగి మొదటి రోజు ఓడ కదలక ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచేయదు. ఫిబ్రవరిలో బంగాళాఖాతం బాగా శాంతంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, జూన్ నుంచి నైరుతి కెరటాలు. మీరు ఎంచుకున్న నెల మంచిది.

ఓడ రేవు వదిలేటప్పుడు లోపల సామాను సర్దుకుంటూ ఉండిపోవద్దు. ముగ్గురూ పైడెక్కు మీదకు రండి. టగ్గులు, అంటే ఓడను లాగే చిన్న పడవలు, ఓడను తిప్పుతుంటే ఒకవైపు కాసిమేడు చేపల రేవు పడవలు, మరోవైపు మెరీనా లైట్‌హౌసు, శాంథోమ్ చర్చి గోపురం కనబడతాయి. మీరు దాటి వెళ్లే ఆ రాతి అలల గోడలు లేనప్పుడు మద్రాసుకు రేవే లేదు. ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. మనుషులను, సరుకును మసూలా పడవల్లో, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన పడవల్లో, విరిగే కెరటాల మీదుగా చేర్చేవారు. రేవు పని 1870ల్లో మొదలైంది. పూర్తయ్యే వేళకు 1881 నవంబరు తుపాను దాన్ని చాలా వరకు కూల్చేసింది. మళ్లీ కట్టారు. అండమాన్‌కు శిక్షపడ్డ ఖైదీలను తీసుకెళ్లే ఎస్.ఎస్. మహారాజా ఓడ ఈ మద్రాసు నుంచి కూడా బయల్దేరేది. 1911లో సావర్కర్‌ను ఎక్కించింది ఇక్కడే. జూలై 4న అక్కడ దింపారు. నాన్నగారికి ఈ సంగతి రేవులో ఉండగానే చెప్పండి. అక్కడి జైలు కథ మొదలయ్యేది మన ఊళ్లోనే.

మొదటి కొన్ని గంటల్లో నీటి రంగు మారుతుంది. తీరం దగ్గరి ఆకుపచ్చ పోయి, ముదురు నీలం వస్తుంది. మన తీరం దగ్గర లోతు తక్కువ ఉన్న మేర చాలా సన్నం. అది దాటగానే అడుగు ఒక్కసారిగా దిగిపోతుంది, దారి మధ్యలో మూడు వేల మీటర్లకు పైగా లోతు. మొదటి సాయంత్రం తర్వాత కాకులు, మామూలు తీరం పక్షులు ఉండవు. అప్పుడప్పుడు టెర్న్ పక్షులు, అదృష్టం ఉంటే గోధుమ రంగు బూబీ అనే సముద్రపు పక్షి ఒకటి ఓడతో పాటు చాలా సేపు ఎగురుతుంది. ఓడ ముక్కుకు బెదిరి లేచే ఎగిరే చేపలను పట్టుకోవడానికే అది వెంట వస్తుంది. ఆ చేపలు నిజంగా రెక్కలు ఆడించవు. తోకతో నీటిని కొట్టి వేగం తెచ్చుకుని, పెద్ద పక్కరెక్కలు విప్పి జారతాయి. నీటికి మళ్లీ తాకబోతూ తోక కింది కొసతో మరోసారి కొట్టి ఇంకా సాగుతాయి. అమ్మాయికి బైనాక్యులర్ ఇచ్చి ఓడ ముందుభాగంలో ఎండ వెనక నుంచి పడే వైపు నిలబెట్టండి. ఆ తోక దెబ్బ గీత నీటి మీద వంకరటింకరగా కనబడుతుంది. డాల్ఫిన్లు వస్తే ఎక్కువగా పొద్దున్నే లేదా సాయంత్రం వస్తాయి. ఓడ ముక్కు తోసే నీటి ఒత్తిడి మీద అవి కష్టపడకుండా ముందుకు పోతాయి. కొన్ని గాలిలోకి లేచి బొంగరంలా తిరిగి పడతాయి, అవి స్పిన్నర్ డాల్ఫిన్లు.

రాత్రి చంద్రుడు లేని వేళ ఓడ వెనకభాగానికి వెళ్లి, లైట్లకు దూరంగా నిలబడి కిందికి చూడండి. పంకా తిరగేసిన నీటిలో నీలిపచ్చ వెలుగు మెరుస్తూ పోతుంది. కంటికి కనబడనంత చిన్న జీవులు కదలికకు వెలిగే వెలుగు అది. అన్ని రాత్రులూ ఒకేలా ఉండదు. పౌర్ణమి వారంలో ఆశ పెట్టుకోవద్దు. కటకటాల మీదకు వంగకుండా పాపను పట్టుకుని ఉండండి.

రెండో రోజు నుంచి ఇంకోటి గమనించమనండి. చేతిగడియారం మార్చరు, అంతా భారత కాలమానమే, అయినా సూర్యుడు రోజురోజుకూ ముందే లేస్తాడు. చెన్నై తూర్పు రేఖాంశం 80 డిగ్రీల పైచిలుకు, శ్రీ విజయపురానిది 92 డిగ్రీల ముప్పావు దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సుమారు 50 నిమిషాల తేడా. అందుకే అక్కడ సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. ఇది తెలియక మధ్యాహ్నం దాకా గదిలో పడుకుని సగం రోజు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. అక్కడికి చేరాక ఉదయం ఐదింటికే బయటపడే అలవాటు చేసుకోండి. పక్షులకు అదే వేళ.

ఓడలోని మనుషుల గురించి కూడా చెప్పాలి. బంక్ క్లాసు వైపు ఒకసారి నడిచి వెళ్లండి, శ్రీకాకుళం యాస వినబడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. సముద్రపు వేట మీద వెళ్లిన శ్రీకాకుళం, విశాఖ తీరపు కుటుంబాలు మూడు తరాలుగా అక్కడే ఉన్నాయి. ఊళ్లోని జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెలుగు తెలిస్తే చాలు. “బాబాయ్, ఈ కాలంలో ఏ చేప పడుతోంది?” అని అడగండి, పావుగంటలో అమ్మాయికి పుస్తకంలో దొరకని సంగతులు చెప్తారు. ఈ దారిలో చాలా ఏళ్లు తిరిగిన ఎం.వి. స్వరాజ్ ద్వీప్ ఓడ కట్టిందీ విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులోనే.

మూడో రోజు నేల దగ్గరపడుతున్నట్టు కంటికి ముందే తెలుస్తుంది. కొట్టుకొచ్చిన కొమ్మలు, ఎక్కువయ్యే టెర్న్ పక్షులు, ఒకేచోట కదలకుండా నిలబడ్డ మబ్బుల కుప్ప. ఆ మబ్బుల కింద దీవి ఉంటుంది. ఊరు దీవికి తూర్పు వైపు ఉంది, మనం వచ్చేది పడమటి నుంచి. కాబట్టి ఓడ సాధారణంగా దక్షిణాన రట్లండ్ దీవి కింది నుంచి డంకన్ జలసంధిలో తిరిగి, తూర్పు తీరం వెంట ఉత్తరానికి ఎక్కుతుంది. అప్పుడు ఎడమ చేతి వైపు రెయిలింగు పట్టుకోండి, దీవులన్నీ అటే. నీటి అంచు దాకా దిగిన అడవి, దాని ముందు తెల్లటి ఇసుక గీత. మీరు చూస్తున్నది మునిగిన పర్వతాల శిఖరాలు. బర్మా అరకాన్ కొండల నుంచి సుమత్రా దాకా సాగే ఒకే వరస అది. భారత భూఫలకం ఆ వరస కిందికి దూరిపోతుండటం వల్లే అక్కడ అగ్నిపర్వతం ఉంది, భూకంపాలున్నాయి, బారాటాంగ్‌లో బురద ఉబికే గుంటలున్నాయి.

పశ్చిమాన దూరంగా, బయటివాళ్లను రానివ్వని ఆదివాసులు ఉండే ఉత్తర సెంటినెల్ దీవి ఉంటుంది. ఓడ దాని దరిదాపులకు పోదు, పోకూడదు కూడా. చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల వరకు ఎవరికీ ప్రవేశం లేదు.

రేవు ముఖద్వారంలో ఎడమవైపు మొదట కనబడేది రాస్ దీవి, 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. దాని వెనక గట్టు మీద సెల్యులార్ జైలు, కుడివైపు నార్త్ బే లైట్‌హౌసు. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల బొమ్మ ఇక్కడి దృశ్యమే. ఎదురుగా ఉన్న కొండ మీది నుంచి చూస్తే ఆ బొమ్మ సరిగ్గా అమరుతుంది. ఆ కొండ పేరు మౌంట్ హారియట్, 2021లో మౌంట్ మణిపూర్ అయింది. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్రను, ఆయన మనుషులను అక్కడికి పంపారు కాబట్టి ఆ పేరు. ఓడ ఇంకా లోపలికి వెళ్లి చాథమ్ అనే చిన్న దీవి దగ్గర హడ్డో రేవులో ఆగుతుంది.

నాన్నగారికి ఈ చరిత్ర వరసగా చెప్పాలంటే చాథమ్ నుంచి మొదలుపెట్టాలి. 1789లో ఇంగ్లీషు నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడ మొదటి స్థావరం పెట్టాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించారు, జ్వరాలతో జనం రాలిపోతుంటే 1796లో ఎత్తేశారు. తర్వాత అరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1857 తిరుగుబాటు అణిచాక, 1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. చాథమ్‌లో మంచినీళ్లు చాలకపోవడంతో రాస్ దీవికి మారారు. ఆ అడవిని నరికింది ఖైదీలు. నరికేసింది అండమానీయుల వేటస్థలం. 1859 మేలో వాళ్లు విల్లంబులతో అబర్డీన్ వద్ద దాడి చేశారు. పారిపోయి వాళ్ల మధ్య ఏడాది పాటు బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందే వచ్చి అధికారులకు కబురు చెప్పడంతో తుపాకుల ముందు వాళ్లు నిలవలేకపోయారు. అప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు తట్టు, ఇతర రోగాలతో ఇప్పుడు పదుల్లో మిగిలారు. జైలు గురించి చెప్పేవాళ్లలో చాలామంది ఈ భాగం చెప్పరు. నాకు మాత్రం ఇది లేకుండా ఆ చరిత్ర చెప్పడం అన్యాయమనిపిస్తుంది.

రేవు లోపలే వైపర్ దీవి ఉంది, పడవలో వెళ్లవచ్చు. సెల్యులార్ జైలు కంటే ముందు కాలంలో సంకెళ్లు వేసిన ఖైదీలను ఉంచింది ఇక్కడే. కొండ మీద ఎర్ర ఇటుకల ఉరికంబం గది ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. మౌంట్ హారియట్ దిగి పడవ ఎక్కబోతుండగా, హోప్‌టౌన్ రేవులో. మర్నెల్లో అతన్ని వైపర్‌లో ఉరితీశారు. జనం తక్కువగా వెళ్లే చోటు, ఎక్కడం కొంచెం శ్రమ, నాన్నగారి మోకాళ్లు చూసుకోండి.

సెల్యులార్ జైలుకు సగం రోజు పెట్టండి, గంటలో ముగించొద్దు. 1896లో మొదలై 1906లో పూర్తయింది. మధ్యలో ఒక గోపురం, దాని నుంచి చక్రపు ఆకుల్లా ఏడు వరసలు, మూడేసి అంతస్తులు, దాదాపు 700 గదులు. ఒక వరస గదుల ముందుభాగం పక్క వరస వీపుకు ఎదురుగా ఉంటుంది. అందువల్ల ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనబడదు. ఒకే ఒక కాపలాదారు మధ్య గోపురం నుంచి అన్ని వరండాలూ చూడగలడు. ఒక గదిలోకి వెళ్లి నిలబడండి. గాలికి ఉన్న కిటికీ తల పైన ఎత్తులో ఉంటుంది, అందులోంచి ఆకాశం ముక్క తప్ప సముద్రం కనబడదు. నాలుగు దిక్కులా సముద్రమే ఉన్న దీవిలో. కింద నూనె గానుగ ఉంది. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలన్నది లెక్క, తీయలేకపోతే కొరడా. ఏడు వరసల్లో ఇప్పుడు మిగిలింది మూడు. పడగొట్టిన చోట్లలో ఒకదానిలో ఇప్పుడు ఆ ఊరి పెద్దాసుపత్రి నడుస్తోంది.

గోపురంలో పాలరాతి పలకల మీద ఖైదీల పేర్లున్నాయి. మన వాళ్ల కోసం నాన్నగారు వెతుకుతారు కాబట్టి ఇద్దరి సంగతి చెప్తాను. అల్లూరి సీతారామరాజు దండులోని గాం మల్లు దొరకు మొదట ఉరిశిక్ష పడింది, దాన్ని యావజ్జీవంగా మార్చి ఇక్కడికి పంపారు. బతికి బయటపడి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి గారు 1930ల్లో ఈ జైల్లోనే ఉన్నారు. అంతకుముందు 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం మనుషులను కూడా ఈ దీవులకు తోలారు. వాళ్లు సముద్రం ఎప్పుడూ చూడని కొండవాళ్లు. మీరు మూడు రోజులు ప్రయాణించిన ఆ నీటిని వాళ్లు ఓడ అడుగున, గొలుసులతో దాటారు. 1933లో, మళ్లీ 1937లో ఖైదీలు నిరాహార దీక్షలు చేశారు. 1933 దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. బలవంతంగా పాలు పట్టబోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. 1938 మొదటికల్లా రాజకీయ ఖైదీలందరినీ దేశానికి తిరిగి పంపించారు.

యుద్ధకాలం గురించి పర్యాటకులకు తక్కువ చెప్తారు. 1942 మార్చి 23న జపాన్ సైన్యం దిగింది, 1945 అక్టోబరు దాకా ఉంది. 1943 డిసెంబరు చివర నేతాజీ వచ్చి ఇక్కడ జెండా ఎగరేశారు. అదే కాలంలో గూఢచారులని అనుమానించి జపానువాళ్లు ఊరి జనాన్ని చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి పూడ్చారు. అక్కడ చిన్న స్మారకం ఉంది. ఊరికి కాస్త దూరం, ఆటో మాట్లాడుకుని వెళ్లి రండి, నాన్నగారు మెచ్చుకుంటారు. చాథమ్ కట్టెల మిల్లు 1883 నుంచి ఉంది. ఆ యుద్ధంలో పడ్డ బాంబు గుంత ఇప్పటికీ లోపల చూపిస్తారు.

రాస్ దీవిలో ఇద్దరికీ పని ఉంది. 1858 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా దీవులన్నిటికీ రాజధాని అదే. చర్చి, బేకరీ, నాట్యశాల, కమిషనర్ బంగళా అన్నీ ఉండేవి. 1941 జూన్ 26 భూకంపం గోడలు పగలగొట్టింది, తర్వాత యుద్ధం వచ్చి ఖాళీ అయింది. ఇప్పుడు మర్రి, రావి జాతి చెట్ల వేర్లు గోడలను పట్టుకుని నిలబెడుతున్నాయో కూలుస్తున్నాయో చెప్పలేం. చుక్కల దుప్పులు మనిషి చేతి దగ్గరికి వస్తాయి. అమ్మాయికి ముచ్చటేస్తుంది, కానీ వాటి కథ కూడా చెప్పండి. దుప్పులు ఈ దీవులవి కావు. వేట సరదాకు ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలారు. వాటిని తినే పులి గానీ చిరుత గానీ ఇక్కడ లేవు కాబట్టి చాలా దీవులకు పాకి, చిన్న మొక్కలను లేవనివ్వకుండా మేస్తున్నాయి. దూరం వల్ల నిలబడ్డ అడవికి, ఆ దూరాన్ని దాటించి తెచ్చిన జంతువు ఎంత చేటు చేస్తుందో చూడటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

అమ్మాయికి నేను మొదటి ఉదయం చిడియా టాపూ చెప్తాను. ఊరికి దక్షిణంగా అడవి, మడ చెట్లు, సముద్రం కలిసే చోటు. అందరూ సూర్యాస్తమయానికి వెళ్తారు, మీరు తెల్లవారుజామున వెళ్లండి. నల్లటి పెద్ద అండమాన్ వడ్రంగిపిట్ట, ముదురు గోధుమ రంగు అండమాన్ పాము గద్ద ఇక్కడ దొరికే అవకాశం బాగా ఉంది. రెండూ అండమాన్‌కే చెందినవి. అండమాన్ అడవి పావురం ఈ దీవుల రాష్ట్రపక్షి.

రెండో ఉదయం సిప్పీఘాట్. ఇక్కడికి పర్యాటకులు ఎవరూ రారు, నాకు మాత్రం అండమాన్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి తేలి చచ్చిపోయాయి, దక్షిణం వైపు నేల సుమారు మీటరు దిగిపోయింది. సిప్పీఘాట్ వరి పొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి, మళ్లీ వెనక్కి పోలేదు. రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. ఆ పొలాలే ఇప్పుడు కొంగలు, ఉల్లంకి పిట్టలు, చలికాలపు వలస పక్షులు దిగే నీటిమడుగులు. రోడ్డు పక్కన నిలబడి చూడవచ్చు, నాన్నగారు కారులోనే కూర్చుని చూడవచ్చు. ఇదే భూకంపంలో దేశపు దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌసు పాదం నీటిలో నిలిచింది.

పగడాలకు వండూర్ వెళ్లండి. మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు అక్కడే, 1983లో ఏర్పడింది. ఫిబ్రవరిలో జాలీ బోయ్ దీవి తెరిచి ఉంటుంది, వానకాలంలో దాన్ని మూసి రెడ్ స్కిన్ తెరుస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, నీళ్ల సీసాకు కూడా డిపాజిట్ కట్టాలి. అడుగు గాజు పడవలోంచి చూడవచ్చు. 2010లో సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు చాలా తెల్లబడి చనిపోయాయి. అక్కడక్కడ కొత్తవి వస్తున్నాయి. పగడం మీద కాలు పెట్టనివ్వకండి. ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క అడుగుతో విరుగుతుంది.

హేవ్‌లాక్, నీల్ దీవుల (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్) గురించి నెట్లో కావలసినంత ఉంది, నేను చెప్పనక్కర్లేదు. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి సముద్రం వెనక్కి తగ్గే వేళ మాత్రమే వెళ్లండి, వేళలు ముందు కనుక్కోండి. అక్కడి నీటి అడుగు గడ్డి మైదానాల్లో డ్యూగాంగ్ (సముద్రపు ఆవు) మేస్తుంది, ఈ దీవుల రాష్ట్రజంతువు. కనబడటం చాలా అరుదు, ఆశపెట్టి నిరాశ పరచొద్దు. ఉప్పునీటి మొసళ్లు మాత్రం నిజమైన ప్రమాదం. మడ వాగుల్లోనే కాదు, కొన్ని బీచ్‌లకూ వస్తాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక పర్యాటకురాలిని మొసలి చంపింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వల కట్టిన హద్దు దాటి ఎవరినీ దిగనివ్వకండి.

బారాటాంగ్ సున్నపురాయి గుహలు బాగుంటాయి, కానీ రోడ్డు మీద వెళ్లొద్దని నా గట్టి మాట. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. కాన్వాయ్‌లో, అంటే వరసగా కలిసి నడిపించే బండ్లలో, కారు అద్దాలకు ముఖం ఆనించి మనుషుల కోసం వెతుక్కుంటూ పోయే జనాన్ని చూశాను, మనసు చివుక్కుమంటుంది. వాళ్లు చూడ్డానికి పెట్టిన వస్తువులు కారు. ఫొటో తీయడం నేరం కూడా. బయటివాళ్ల నుంచి సోకిన తట్టు వాళ్లను ఇప్పటికే రెండుసార్లు కుదిపింది. బారాటాంగ్‌కు సముద్ర మార్గం కూడా ఉంది, అది నడుస్తుంటే అందులో వెళ్లండి. లేకపోతే గుహలు మానుకోండి, ఏమీ నష్టం లేదు.

ఒక రోజు మిగిలితే బ్యారెన్ దీవిని చుట్టి వచ్చే ఓడ ఉందేమో విచారించండి. దక్షిణాసియాలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. ఊరికి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్లు. నీటిపైన 354 మీటర్లే కనబడుతుంది, సముద్రపు అడుగు నుంచి కొలిస్తే రెండు కిలోమీటర్లకు పైన. దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దిగనివ్వరు, చుట్టూ తిరిగి చూడటమే. నల్లటి బూడిద వాలు నేరుగా సముద్రంలోకి దిగుతుంది. దానికి ఉత్తరాన నార్కొండం దీవి ఉంది, ఏడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క దీవిలోనే ఉంది. పర్యాటకులకు అక్కడికి దారి లేదు. అమ్మాయి అడిగితే మ్యాపులో చూపించండి.

ఫిబ్రవరి మరో విధంగా కూడా మంచిది, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఉత్తరాన రంగత్ దగ్గర కత్‌బర్ట్ బే, డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరాలకు వస్తాయి. కాని మీకున్న రోజులకు అంత దూరం కష్టం. దానికి బదులు బయల్దేరే ముందే ఒక శనివారం రాత్రి ఇక్కడ బెసెంట్ నగర్ వైపు తీరం వెంట తాబేళ్ల నడకకు అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడికి ఎక్కువగా వచ్చేదీ ఇక్కడికి వచ్చేదీ ఆలివ్ రిడ్లీ జాతే.

నాన్నగారికి బీపీ మాత్రలు అవసరానికి మించి ఒక వారానికి ఎక్కువే పెట్టుకోండి, ఓడ ఆలస్యమైతే మధ్యలో మందుల షాపు ఉండదు. ఆధార్ అసలుది దగ్గర ఉంచుకోండి. క్యాబిన్ ఇచ్చేటప్పుడు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో అడగండి, ఊపు అక్కడ తక్కువ. విమానం టికెట్టు ఓడ చేరే తేదీకి కనీసం ఏడెనిమిది రోజుల తర్వాతిది తీసుకోండి. ఓడ తేదీలు వచ్చాక ఏ ఓడో రాయండి, అందులో పైడెక్కుకు దగ్గరి మెట్లు ఎటున్నాయో చెప్తాను.